గురమ్మ ఇవ్వలేనిది

మొగిలిరేవు గురమ్మ గొంతు కాశీబుగ్గ చేపల బజారులో అందరికీ తెలుసు. గంప దించి, తడిగోనె తీసి, కానాగంతల మీద నీళ్లు చిలకరించి ఒక్క కేక వేసిందంటే రోడ్డు అవతల టీ కొట్టు దగ్గరున్నవాళ్లు కూడా తల తిప్పేవాళ్లు. బేరంలో ఆమెని నెగ్గినవాళ్లు తక్కువ. కానీ ఆ గొంతు బజారు దాటి వచ్చేది కాదు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురైతే చాలు, పంచాయతీ ఆఫీసయినా ఆసుపత్రయినా గురమ్మ నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనున్న మనిషిని ముందుకు తోసేది.

భయం ఆమెకి చిన్నతనంలోనే పట్టుకుంది. తండ్రి ఎక్కిన తెప్ప ఒక తుపానుకి వెళ్లి తిరిగి రాలేదు. తల్లి చాలాకాలం రోజూ ఒడ్డుకి వెళ్లి నీళ్లకేసి చూస్తూ నిలబడేది. పక్కన ఆమె కొంగు పట్టుకుని గురమ్మ నిలబడేది. చేతిలో ఉన్నది ఏదైనా చెప్పకుండా పోతుందని ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది. పెళ్లయ్యాక మొగుడు దాలయ్య వేటకి వెళ్లిన ప్రతిసారీ, పడవ కనిపించేదాకా ఆమెకి ముద్ద దిగేది కాదు.

సముద్రం దాలయ్యని ఏమీ చేయలేదు. ఒళ్లే మోసం చేసింది. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు ముందు భుజం అతనిదే అయ్యేది. అలాంటి మనిషికి కాళ్లు పొంగాయి, మొహం ఉబ్బింది, అన్నం సహించడం మానేసింది. ఉద్దానంలో ఆ లక్షణాలు ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. కిడ్నీలు పోయాయన్నారు. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వైద్యం ఉచితమే, కానీ వెళ్లి రావడమే కష్టం. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. రేవు నుంచి అక్కడికి జీడితోటల్లోంచి ఇసక దారి. వెళ్లేటప్పుడు ఎలాగో నడిచినా, తిరిగొచ్చేటప్పుడు మనిషి పీల్చిపారేసిన టెంకలా ఉంటాడు.

ఆ కష్టాన్ని తిరుమలరావు తీర్చాడు. పలాసలో ఆయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెయ్యి పడని పని లేదు. బడికి బెంచీలు ఇచ్చాడు, రామమందిరానికి గచ్చు వేయించాడు, తుపాను వచ్చినప్పుడు కరెంటు వచ్చేదాకా ఊరంతటికీ వంటలు చేయించాడు. కిడ్నీ రోగుల కోసం ఒక తెల్ల వ్యాను పెట్టాడు. రేవులో ఎక్కించుకుని, దారిలో కొబ్బరితోటల ఊళ్లో మరి కొందరిని ఎక్కించుకుని, పలాసలో దింపి, మళ్లీ ఇంటి ముందుకి తెచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అప్పుడప్పుడు తనే ఆసుపత్రికి వచ్చి రోగులందరినీ పేరు పెట్టి పిలిచి పలకరించేవాడు. గురమ్మ ఆయన కనిపిస్తే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. అందులో నటన లేదు. తన మొగుడి ఊపిరి ఆ వ్యాను చక్రాల మీద నడుస్తోందని ఆమెకి తెలుసు. అందుకే పొద్దున్నే హారన్ వినిపించడం కాస్త ఆలస్యమైతే ఆమె వీధి చివరికి పరుగెత్తి చూసేది.

ఇలా రెండేళ్లు గడిచాక రొయ్యపిల్లల హేచరీ మాట వచ్చింది.

రేవు పక్కన ఒక ఇసక దిబ్బ ఉంది. పడవలు లాగేది అక్కడే, వలలు ఆరేసేది అక్కడే. ఎండుచేపలు పరుచుకుని కాకుల్ని తోలుతూ ఆడవాళ్లు కూర్చునేది అక్కడే. అది ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. తిరుమలరావు ఆ దిబ్బ మీద హేచరీ కడతానన్నాడు. పడవలకి చోటు ఉత్తరంగా చూపిస్తామన్నారు. అక్కడ అల ఎలా విరుగుతుందో వేటకెళ్లే ప్రతివాడికీ తెలుసు. అయినా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆయన తిండి తినని ఇల్లు ఊళ్లో లేదు.

గ్రామసభకి ముందురోజు సాయంత్రం తిరుమలరావే గురమ్మ ఇంటికి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. ఒక సంచిలో యాపిల్ పళ్లు తెచ్చి దాలయ్య మంచం పక్కన పెట్టాడు. కిడ్నీ రోగులు ఏది తినొచ్చో ఏది కూడదో అడిగి తెలుసుకుని మరీ తెచ్చానన్నాడు. దాలయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. లేచి వెళ్తూ గడప దగ్గర ఆగి, గురమ్మతో నెమ్మదిగా అన్నాడు.

"రేపు సభలో ముందు నువ్వు ఓ మాట అనాలి గురమ్మా. ఆడవాళ్లందరూ నిన్ను చూసే చేతులెత్తుతారు. నాకు నీ మీద ఆ నమ్మకం ఉంది."

అంతకు మించి ఏమీ అనలేదు. బెదిరించలేదు, వ్యాను మాట ఎత్తలేదు. ఆయన ఆ మాట ఎత్తకపోవడమే గురమ్మని వణికించింది. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాక ఆమె గడప మీదే కూలబడింది.

లోపలినుంచి దాలయ్య పిలిచాడు. అతను అన్నీ విన్నాడు.

"అవునని సెప్పీ గురీ," అన్నాడు. "దిబ్బ పోతే మరో దిబ్బ. నాకింకా బతకాలని ఉన్నాది."

అంత బలమైన మనిషి బతకాలనుందని ఒకరిని అడుక్కోవడం గురమ్మ ఎప్పుడూ వినలేదు. అలాగే చెప్తానంది. నిజంగానే చెప్దామనుకుంది.

మర్నాడు బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో కుర్చీలు, వాటిలో ఆఫీసర్లు, మధ్యలో తిరుమలరావు. సర్పంచి నాలుగు మాటలు మాట్లాడి, ఆడవాళ్ల తరఫున గురమ్మని మాట్లాడమన్నాడు. మైకు చేతికిచ్చారు. ఆమె ఆ ఊరి మనుషుల ముందు నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. ఎదురుగా ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. కొందరు పొద్దున పరిచిన చేపల్ని దిబ్బ మీదే వదిలేసి వచ్చారు. వాళ్ల చేతులకి ఇంకా ఉప్పు అంటుకుని ఉంది. వాళ్లందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు.

గురమ్మ ముందు తిరుమలరావుకి దండం పెట్టింది. ఆయన చేసిన మేళ్లన్నీ చెప్పింది. తన మొగుడు బతికున్నది ఆయన వల్లే అంది. ఆయన మొహంలో తృప్తి కనిపించింది. ఆ తర్వాత అవునని చెప్పాల్సిన చోట ఆమె ఆగిపోయింది. మైకులో ఆమె ఊపిరి చప్పుడు షామియానా అంతా వినిపించింది.

"బాబుగారు ఇచ్చినవన్నీ బాబుగారివి. ఆయనవి కాబట్టి ఇచ్చినారు," అంది చివరికి. "ఈ దిబ్బ నాది కాదు బాబూ. నాది కానిది నానెలాగ ఇచ్చీగలను? నాది ఏటైనా ఉంటే అడగండి, ఇచ్చెస్తాను."

మైకు ఎవరి చేతిలో పెట్టిందో ఆమెకి గుర్తులేదు. వెళ్లి ఆడవాళ్ల మధ్య తల దించుకుని కూర్చుంది. సర్పంచి చేతులెత్తమంటే రెండు మూడు చేతులు లేచి, పక్కవాళ్లని చూసి మళ్లీ దిగిపోయాయి. విషయాన్ని మరోసారి మాట్లాడుకుందామని సభ ముగించారు. తిరుమలరావు లేచి వెళ్లిపోతూ ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం కన్నా నొప్పి ఎక్కువ కనిపించింది. గురమ్మకి అది చూసి ఇంకా భయం వేసింది.

ఇంటికొచ్చేసరికి దాలయ్యకి సంగతి తెలిసిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అన్నం పెడితే తిన్నాడు, మందులిస్తే మింగాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

ఊరు మాత్రం మాట్లాడింది. సభలో చేతులెత్తనివాళ్లే వీధిలో గురమ్మని తప్పుబట్టారు. ఇంత చేసిన మనిషి పరువు నలుగురిలో తీసిందన్నారు. అందరికన్నా గట్టిగా తిట్టింది అసిరమ్మ. ఆవిడ గురమ్మకి అప్ప, అంటే అక్క వరస, పక్క వీధిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడా కిడ్నీ రోగే, అదే వ్యానులో వెళ్తుంది. నీళ్ల కుళాయి దగ్గర అందరి ముందూ గురమ్మని నిలబెట్టి, నీకు మొగుడంటే లెక్కలేకపోవచ్చు, నా ప్రాణం మీదకి ఎందుకు తెచ్చావంది. రేపు వ్యాను ఆగిపోతే నా శవం నీ గుమ్మంలో పెట్టిస్తానంది. గురమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

డయాలసిస్ రోజు తెల్లారకముందే గురమ్మ లేచి కూర్చుంది. దాలయ్యకి అప్పటికే ఆయాసం మొదలైంది. మధ్యలో ఉన్న రోజులు గడిచేసరికి ఒంట్లో నీరు చేరిపోతుంది. ఒక్క విడత తప్పితే ఏమవుతుందో ఆ ఊళ్లో చూసినవాళ్లున్నారు. వ్యాను రాదేమోనని ఆమె చెవులు రిక్కించుకుని కూర్చుంది. హారన్ వినిపించగానే ప్రాణం లేచొచ్చింది. మొగుణ్ని పట్టుకుని వీధి చివరికి నడిపించింది.

వ్యానులో అసిరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ముందు సీట్లో జగన్నాధం ఉన్నాడు. ఆయనా డయాలసిస్‌కి వెళ్లే మనిషే, కొబ్బరితోటల రైతు, నెమ్మదైన పెద్దమనిషి. ఆ రోజు అల్లుడింటికి వచ్చి రేవులోనే ఎక్కాడు. డ్రైవరు నాగబాబు దాలయ్యకి మేనల్లుడు వరస అవుతాడు. రోజూ దిగి వచ్చి మావని ఎత్తి ఎక్కించేవాడు. ఆ రోజు దిగలేదు. స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయకుండా, ముందుకే చూస్తూ చెప్పాడు.

"ఈవేళ సీటు లేదు మావా."

గురమ్మకి మొదట అర్థం కాలేదు. వ్యానులో వెనక సీటు ఖాళీగా కనిపిస్తోంది. దాలయ్యకి అర్థమైంది. తలుపు పట్టుకున్న చెయ్యి తీసేశాడు. నాగబాబు గొంతు తగ్గించి, తనేం చేయగలడని, పైనుంచి వచ్చిన మాటని అన్నాడు. గురమ్మ ఆ క్షణంలో అతని కాళ్లయినా పట్టుకునేదే. వంగబోయింది కూడా.

అప్పుడు వ్యానులోంచి అసిరమ్మ తలుపు తీయమంది. ఆవిడకి వాంతి వస్తోందనుకుని నాగబాబు తీశాడు. ఆవిడ పొంగిన పాదాలు ఒక్కొక్కటే కిందకి దించి, కమ్మీ పట్టుకుని దిగి, ఆయాసం తీర్చుకోవడానికి కాసేపు నిలబడింది.

"సీటు లేదన్నావు కదా. నాది కాళీ అయింది. మావని ఎక్కించుకో," అంది.

నాగబాబు కళ్లు తుడుచుకున్నాడు కానీ ఎక్కించుకోలేదు. అతనికి ఇద్దరు పిల్లలున్నారు, ఆ జీతం తప్ప మరో ఆధారం లేదు. అసిరమ్మ అతన్ని కాసేపు చూసి, అయితే నువ్వెళ్లు, నేను వీళ్లతోనే వస్తానంది. గురమ్మ కంగారుపడి, వద్దప్పా, ఎక్కీ, నీకు ఏటైనా అయితే నాను ఏటి సెయ్యగలనని బతిమాలింది.

"తిట్టినాను, మళ్లీ తిడతాను," అంది అసిరమ్మ. "అలాగని మనిషిని రోడ్డు మీద ఒగ్గేసి ఎల్లిపోతానేటి."

జగన్నాధం అద్దంలోంచి ఇదంతా చూశాడు. ఆయన పెదాలు కదిలాయి. దిగలేదు. వ్యాను ఇసక రేపుకుంటూ వెళ్లిపోయింది.

మెయిన్ రోడ్డు దాకా నడవాల్సి వచ్చింది. గురమ్మ ఒక భుజానికి మొగుణ్ని, ఇంకో భుజానికి అసిరమ్మని ఆనించుకుని నడిపించింది. జీడిచెట్ల కింద ఎండుటాకులు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడింది. ఆ తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. కిందటేడు ఒక రైతు మొహం చీరేసిన చోటు అక్కడికి దగ్గరే. కానీ ఎలుగు కన్నా ఆమెని ఎక్కువ భయపెట్టింది రెండు పక్కలా వినిపిస్తున్న ఊపిరి. దాలయ్యది ఈలలా వస్తోంది. అసిరమ్మ మధ్యమధ్య ఆగిపోయి, కూర్చుంటానని, ఇంక తనవల్ల కాదని అంటోంది. కూర్చుంటే మళ్లీ లేవలేదని గురమ్మకి తెలుసు. ఎవరు ముందు పడిపోతారో, అప్పుడు ఎవరిని వదిలి ఎవరిని పట్టుకోవాలో అని ఆలోచిస్తూనే అడుగు తీసి అడుగు వేసింది. సభలో తన నోటినుంచి వచ్చిన మాటని ఆ దారి పొడుగునా తిట్టుకుంది. అది వెనక్కి తీసుకోగలిగితే ఆ క్షణంలో తీసుకునేదే.

రోడ్డెక్కాక బస్సు కోసం చూశారు. ఒక బస్సు నిండుగా వచ్చి ఆగకుండా వెళ్లిపోయింది. అసిరమ్మ రాయి మీద కూలబడింది. ఆవిడ గోళ్లు నల్లగా అవుతున్నాయి. గురమ్మ రోడ్డు మధ్యకి వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడింది. వచ్చేది ఏదైనా తన మీదుగానే పోవాలన్నట్టు నిలబడింది.

వచ్చింది రేవు నుంచి బజారుకి చేపలు తోలే త్రినాథ్ ఆటో. వెనకంతా ఐసు పెట్టెలు. బజారుకి పొద్దెక్కకముందే చేరకపోతే అతని సరుకుకి ధర రాదు. బ్రేకు వేసి, తిట్టబోయి, ముగ్గురినీ చూసి దిగాడు. ఏమైందని అడగలేదు. రేవులో జరిగినవి అప్పటికే అందరికీ తెలుసు. నాలుగు పెట్టెలు దించి చెట్టు కింద పెట్టి, ఆ ఖాళీలో గోనెలు పరిచాడు. పెట్టెలు పోతే ఎలాగని గురమ్మ అంటే, పోతే పోతాయన్నాడు. ఐసు నీళ్లు కారుతున్న ఆటోలో, చేపల మధ్య, అసిరమ్మ తలని ఒళ్లో పెట్టుకుని గురమ్మ పలాస దాకా వెళ్లింది. దారిలో అసిరమ్మ కళ్లు మూసినప్పుడల్లా చెంప మీద తట్టి, తిట్టప్పా, నన్ను తిట్టు అని బతిమాలింది.

సెంటరుకి చేరేసరికి వాళ్ల సమయం దాటిపోయింది. మిషన్లన్నీ నిండిపోయి ఉంటాయని, సాయంత్రం దాకా ఆగమంటారని భయపడుతూ గురమ్మ లోపలికి వెళ్లింది. లోపల రెండు పడకలు ఖాళీగా ఉన్నాయి. జగన్నాధం బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వచ్చింది మొదలు ఇద్దరు రోగులు దారిలో ఉన్నారని నర్సు వెంటపడి చెప్తూనే ఉన్నాడట. వాళ్ల పడకలు వేరేవాళ్లకి ఇవ్వకండి, కావాలంటే నా పడక ఇచ్చేయండి, నేను తర్వాతి విడతకి పడుకుంటానని లేచి వచ్చేశాడట. గురమ్మని చూసి ఆయన తల దించుకున్నాడు. దిగాలంటే నాకు కాళ్లు రాలేదమ్మా అన్నాడు. మీరు చేసింది చాలు బాబూ అని గురమ్మ ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది.

అసిరమ్మకి ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచింది. దాలయ్య చేతికి గొట్టాలు తగిలించి మిషను తిప్పాక, మొహం కాస్త తేరుకున్నాక, సభ తర్వాత మొదటిసారి గురమ్మతో మాట్లాడాడు.

"నానైతే ఆ దిబ్బ ఇచ్చీసీవోడిని," అన్నాడు.

"తెలుసు," అంది గురమ్మ.

ఆ తర్వాత రోజులు తేలిగ్గా గడవలేదు. త్రినాథ్, మరో ఇద్దరు చేపల ఆటోలవాళ్లు వంతులు వేసుకుని దాలయ్యనీ అసిరమ్మనీ తీసుకెళ్లారు. ఆటో చెడిపోయిన రోజున గురమ్మ మళ్లీ రోడ్డు మధ్యన నిలబడింది. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా ఆమె ఉలిక్కిపడేది. దిబ్బ సంగతి మాత్రం మళ్లీ సభకి రాలేదు. హేచరీ ఇంకెక్కడో కడుతున్నారని విన్నారు. కొన్ని నెలలయ్యాక తిరుమలరావు కబురు పంపాడు, దాలయ్యని వ్యాను ఎక్కమని. ఊళ్లో కుర్రాళ్లు ఎక్కొద్దన్నారు. దాలయ్య బాగా అలిసిపోయి ఉన్నాడు, ఎక్కాడు. గురమ్మ అడ్డుచెప్పలేదు. నాగబాబు మునుపటిలాగే దిగి వచ్చి మావని ఎత్తి కూర్చోబెట్టాడు. అసిరమ్మ మాత్రం ఆ వ్యాను మళ్లీ ఎక్కలేదు. ఐసు పెట్టె పక్కన కూర్చుంటే మోకాళ్లకి హాయిగా ఉంటుందనేది.

ఆ ఎండాకాలం దాలయ్య పోయాడు. పగలే, మంచం మీదే, గురమ్మ చేతిలో చెయ్యి ఉండగానే పోయాడు.

తిరుమలరావు దండ పట్టుకుని వచ్చాడు. వీధి మొదట్లోనే కుర్రాళ్లు ఆపేశారు. ఆ రోజు సీటు లేదన్నారు కదా, ఈవేళ ఇక్కడ మీకు చోటు లేదన్నారు. మాట మాట పెరుగుతోంది. శవం పక్కన కూర్చున్న గురమ్మకి ఆ గొడవ వినిపించింది. లేచి వీధిలోకి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. కుర్రాళ్లు పక్కకి తప్పుకున్నారు.

"రానీండిరా," అంది. "మీ మావని మోసిన మనిసి. ఒకరోజు దించీసిన మనిసి కూడాను. రెండూ నాకు గురుతే. రానీండి."

ఆయన వచ్చి దండ వేసి, అరుగు మీద ఎవరో వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. నా మీద కోపం పోయిందా గురమ్మా అని అడిగాడు. ఆమె మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ జవాబు చెప్పింది. కుర్చీ మనుషుల మొహంలోకి ఆమె అలా చూడటం ఎవరూ ఎరగరు.

"కోపం ఎప్పుడూ లేదు బాబూ, బయమే. ఇంక మీరు తీసుకెల్లడానికి నా దగ్గర ఏటీ లేదు. ఇప్పుడు ఆ బయమూ లేదు."

తిరుమలరావు దాలయ్యని ఎత్తేదాకా ఉండి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో అందరి వెనకా నడిచాడు. ఆ దారి దిబ్బ మీదుగానే వెళ్తుంది. ఆడవాళ్లు ఎండుచేపల్ని పక్కకి జరిపి దారి ఇచ్చారు.